కంప్యూటరు వెదికే క్యాన్సర్ మందు

"సిస్టరమ్మా, కంప్యూటరే క్యాన్సర్ మందు కనిపెడుతోందట, ఇంకా కీమో ఎందుకు?" అని వార్డులో అడుగుతున్నారు.

కీమో మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. అందుకే జుట్టు ఊడడం, నోటిపూత. టార్గెటెడ్ మందు క్యాన్సర్ కణాన్ని పెంచే ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అటువంటిదే. ఒక రకం రక్త క్యాన్సర్‌కు రోజూ వేసుకునే మాత్ర.

తాళం ఆకారం తెలియాలి, అప్పుడే తాళంచెవి చేయగలం. ఒక్కో ప్రొటీన్ ఆకారం తేల్చడానికి ఏళ్లు పట్టేది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రాము దాన్ని త్వరగా అంచనా వేస్తోంది. దానికి హసాబిస్, జంపర్‌లు 2024లో నోబెల్ అందుకున్నారు. కాని అంచనా మందు కాదు. మేలో హానో మనుషులపై పరీక్షల్లోనే తేలాలి, అందుకు ఏళ్లు పడుతుంది.

కనుక కీమో తేదీ తప్పకండి. ఇమాటినిబ్ వాడేవారు రిపోర్టు బాగుందని, డాక్టరుగారిని అడగకుండా మాత్ర మానకండి.