పాత యం.జి.బి. కారుకు కొత్త హెడ్డు గాస్కెట్టు

అంబాసిడరు కారు ఎరుగని కుటుంబాలు మనలో అరుదు. 2014లో దాని తయారీ ఆగిపోయినా, దాని బానెట్టు ఎత్తి చేతులు నల్లబరచుకున్న మేస్త్రీలు ఇంకా ఉన్నారు. ఆ కారును చాలాకాలం నడిపిన 1489 సి.సి. ఇంజను ఇంగ్లండులోని బి.యం.సి. వారి ‘బి-సీరీస్’ వంశానిది. ఆ వంశంలోనే పుట్టిన 1798 సి.సి. ఇంజనును యం.జి.బి. అనే స్పోర్ట్సు కారులో బిగించి, 1962 నుండి 1980 వరకు ఆబింగ్‌డన్ పట్టణంలో తయారుచేశారు. అక్కడివారు పలువురు నేటికీ ఈ కారును ఇంటి షెడ్డులోనే విప్పి బిగించుకుంటారు. అట్టి పనులలో హెడ్డు గాస్కెట్టు మార్చడం ఒకటి.

గాస్కెట్టు అంటే సిలిండరు బ్లాకుకూ, దానిపై మూతవలె కూర్చున్న హెడ్డుకూ నడుమ ఉండే పల్చని రేకు. మంట, నీరు, నూనె ఒకదానితో ఒకటి కలియకుండా కాపలా కాయడమే దాని ఉద్యోగం. ఆ కాపలా తప్పితే రేడియేటరులో బుడగలు లేస్తాయి. సైలెన్సరునుండి తెల్లని ఆవిరి వస్తుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కూడబలుక్కున్నట్లు కంప్రెషను తక్కువ చూపితే అనుమానం దాదాపు తీరినట్లే. ఆయిలు మూతకింద మీగడవంటి జిడ్డు మాత్రం నమ్మదగిన సాక్షి కాదు. చలిదేశంలో రెండేసి మైళ్ళు తిరిగే కారుకు అది ఊరికే కూడా పడుతుంది.

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగ విప్పి, నీరు దించాలి. ఆ నీటిలో కలిపే యాంటీఫ్రీజు తియ్యని విషం. పిల్లలు, కుక్కలు తిరిగే ఇల్లయితే వెంటనే మూతపెట్టి దాచవలసినదే. కార్బురేటర్లు, మేనిఫోల్డులు అన్నీ ఎడమవైపే ఉంటాయి కనుక అవి తీయడం కష్టం కాదు. కష్టమంతా ఉష్ణోగ్రత గేజికి పోయే సన్నని గొట్టంతోనే. మొండికేసిన దాన్ని మెలితిప్పితే తెగిపోతుంది, గేజి మొత్తం దండగ.

హెడ్డును పట్టివుంచే పెద్ద నట్లు 11. వాటిలో నాలుగు రాకరు షాఫ్టును కూడా బిగించి ఉంచుతాయి. అందుచేత ఆ నాలుగింటినే విప్పరాదు. అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులుచేయాలి, లేకుంటే హెడ్డు వంకరపోతుంది. పుష్‌రాడ్లు ఎనిమిదింటినీ అట్టముక్కకు రంధ్రాలు పొడిచి వరుసగా గుచ్చి ఉంచడం మంచిది. హెడ్డు పోత ఇనుముది. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. సందులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించడం తగదు.

పాత గాస్కెట్టులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. బ్రిటనులో దాని వాడకం 1999లో పూర్తిగా నిషేధించబడినది గాని, అంతకు ముందు బిగించినవి ఇంకా ఇంజన్లలోనే ఉన్నాయి. పొడిగా గీకి, గాలికొట్టి దులిపితే ఆ ధూళి ఊపిరితిత్తులకు చేరుతుంది. తడిపి, మెల్లగా తీయాలి.

తర్వాతిది అసలు పరీక్ష. తిన్నని ఉక్కుబద్దను హెడ్డుపై అడ్డంగా, నిలువుగా, మూలమూలకూ ఆనించి, కింద ఫీలరు గేజి దూర్చి చూడాలి. వంపు ఎక్కువైతే దాన్ని లేతు షాపుకు పంపి చదునుచేయించడం తప్పదు. ఇంట్లో ఆకురాయితో రుద్దుదామనుకునే పొదుపరులను చూస్తే నాకు జాలి. అసలు ఇంజను ఎందుకు వేడెక్కినదో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పూడిపోయిన రేడియేటరును అట్లాగే ఉంచితే కొత్త గాస్కెట్టూ పాతదాని దారే పడుతుంది.

కొత్తదాని మీద పైభాగం ఏదో, ముందుభాగం ఏదో ముద్రించి ఉంటుంది. మధ్యనుండి బయటికి వరుసగా, రెండు మూడు విడతలుగా నట్లు బిగించి, కడకు టార్కు రెంచి మీద 45 నుండి 50 పౌను-అడుగుల వరకు తేవాలి. తర్వాత వాల్వుల సందు, చల్లని ఇంజనులో అంగుళంలో వెయ్యికి 15 వంతులు. ఇందుకు చక్కని లెక్క ఒకటి ఉన్నది: 8వ వాల్వు పూర్తిగా తెరచుకున్నప్పుడు 1వది, 7వది తెరచుకున్నప్పుడు 2వది సరిచేయాలి, ఎప్పుడూ రెండూ కలిపితే 9.

కొన్ని వందల మైళ్ళు తిరిగిన పిమ్మట, గాస్కెట్టు తయారీదారు వద్దని చెప్పకపోతే, చల్లని ఇంజను మీద ఒక్కొక్క నట్టునే కొద్దిగా వదిలి మళ్ళీ బిగించి, వాల్వుల సందు ఇంకొకమారు చూచుకోవాలి.