ఖాళీ లారీ.. నడుముకు భారం

మీ ఇంట్లో లారీ నడిపేవారుంటే ఒకసారి అడిగి చూడండి. సరుకుతో వెళ్లేటప్పటి కన్నా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే కుదుపులెక్కువంటారు. కమాన్‌ కట్టలు నిండు బరువును మోయటానికి చేసినవి మరి. బరువు లేకపోతే సరిగా వంగవు. గుంతల దెబ్బ సీటుకు, అక్కణ్నుంచి వెన్నుకు చేరుతుంది. సెకనుకు 4-8 సార్లు పైకీ కిందికీ ఊగే కుదుపు శరీరానికి అసలే పడదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే నడుంనొప్పి, డిస్కు సమస్యల ముప్పు పెరుగుతుంది. సీటు మీద దిండు వేసుకుంటే హాయిగా అనిపించొచ్చు గానీ ఈ ఊపును అది ఆపలేదు. స్ప్రింగు లేదా గాలి సస్పెన్షన్‌ సీటు మేలు.

టైర్లలో గాలి ఎక్కువైనా చిక్కే. టైరు గట్టిపడి, రోడ్డును తాకే భాగం తగ్గుతుంది. కుదుపు పెరగటమే కాదు, పట్టూ తగ్గుతుంది. అలాగని మరీ తగ్గిస్తే టైరు వేడెక్కి పేలొచ్చు. కాబట్టి తయారీదారు చెప్పినట్టు బరువును బట్టి, బయల్దేరే ముందు టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. చక్రం ఎగిరిపడకుండా రోడ్డును అంటిపెట్టుకునేలా చూసేది షాక్‌ అబ్జార్బర్లే. ఆయిల్‌ కారుతుంటే మార్చేయాలి.

గంటల కొద్దీ నడిపి, దిగగానే బరువులెత్తొద్దు. కాలు తిమ్మిరెక్కుతుంటే డాక్టరుకు చూపించుకోవాలి. కాలు బలహీనమైనా, మూత్రం మీద పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.