కాలు బాగైంది... మరి బూట్లు?

హీరోకి కాలు విరుగుతుంది. ఓ విషాదగీతం. తర్వాతి పాటకల్లా హీరోగారు పరుగో పరుగు! మనం ఈల వేస్తాం.

నా కథ అట్లా నడవలేదు. తిరుపతిలో ఓ తెల్లవారుజామున పరుగెత్తుతూ గుంతలో కాలేశాను. చీలమండ బెణికింది. మూడు నెలలు ఇంటర్వెల్!

ఆ ఖాళీలో 'మయూరి' మళ్లీ చూశాను. ఉషాకిరణ్ మూవీస్ పతాకంపై సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన చిత్రం. సుధాచంద్రన్ తన కథలో తానే నటించారు. 1981లో బస్సు ప్రమాదం ఆమె కుడికాలిని తీసుకుంది. జైపూర్ కాలు పెట్టించుకుని, నొప్పి ఓర్చుకుంటూ సాధన చేసి, 1984లో బొంబాయిలో మళ్లీ వేదికెక్కారు. మనకు తెరమీద గంటల్లో అయిపోయిన కథ, ఆమె బతుకులో దాదాపు మూడేళ్లు! ఆమె కష్టమెక్కడ, నా బెణుకెక్కడ? అయినా ఒక సంగతి అర్థమైంది. కాలు తిరిగి లేచినా, దానిమీద నమ్మకం లేవడానికి ఇంకొంత కాలం పడుతుంది.

"ఒంటికాలిమీద తూలకుండా నిలబడండి. నొప్పి లేకుండా అరగంట చకచకా నడవండి. ఆ తర్వాతే పరుగు" అన్నారు ఫిజియోథెరపిస్టు. రెండూ అయ్యాయి. పాత బూట్లు చూస్తే మడమ పక్కన అరిగి ఒరిగిపోయి ఉన్నాయి. కొత్తవి కొనాలి.

"చెప్పుల్లేకుండా 3,550 మెట్లెక్కి కొండకు పోయే ఊళ్లో బూట్లకింత రభసా?" అని అమ్మ నవ్వింది. నిజమే! కానీ మెట్లెక్కడం వేరు, తారురోడ్డుమీద పరుగు వేరు. పరుగులో పడే ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకు రెండు మూడింతల భారం కాలిమీద పడుతుంది.

సాయంత్రం గాంధీరోడ్డుకు పోయాను. కావాలనే సాయంత్రం. పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అంతే. షాపు కుర్రాడు ధగధగలాడే జత తెచ్చాడు.

"ఇది వేసుకుంటే ఎగిరిపోతావన్నా!"

"ఎగరొద్దు తమ్ముడూ, నేలమీదుంటే చాలు!"

గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన నవ్వాడు. "దెబ్బ తగిలిన కాలికి ముందు తొడుగప్పా. అది ఒప్పుకుంటేనే బేరం!"

లక్ష రూపాయల మాట! రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. పరుగులో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. నిలబడ్డప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత చోటుండాలి. మడమ జారకూడదు. షాపులోనే నాలుగడుగులు పరుగెత్తి చూడాలి. 'వాడగా వాడగా సర్దుకుంటుంది' అంటే నమ్మకండి!

మరి పాదం వంపుని బట్టి ప్రత్యేకమైన బూట్లుంటాయంటారే? 2022లో కోక్రేన్ సమీక్ష 11 వేల మందికి పైగా పాల్గొన్న 12 అధ్యయనాలను పరిశీలించింది. పాదం తీరుని బట్టి బూట్లిచ్చినా గాయాలు పెద్దగా తగ్గవని తేల్చింది. విదేశీ పేరు చూసి మురిసిపోనూ అక్కర్లేదు. అడిడాస్ బూట్లు మన తడ దగ్గరి మాంబట్టులోనే తయారవుతున్నాయి!

నాలుగో జతకు నా కాలు ఒప్పుకుంది. రంగు బాగాలేదు. అయినా కొన్నాను.

మర్నాడు పొద్దున యూనివర్సిటీ తారకరామ స్టేడియం. రెండు నిమిషాల నడక, ఒక నిమిషం పరుగు. మొదటి పరుగులో గుండె దడదడ... కాలి నొప్పికి కాదు, భయానికి! ఆరుసార్లు చేసి ఆపేశాను. ఇంకా పరుగెత్తాలనిపించింది, అయినా ఆపేశాను. చీలమండ మాట్లాడలేదు.

మీలో ఎవరైనా బంతాటలోనో, బైకు మీదనుంచి పడో కాలు కట్టుతో కూర్చుని ఉంటే, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... తర్వాతి పాటకే లేచి పరుగెత్తకండి. మన సినిమాకి ఎడిటర్ లేడు!