మీకు తెలుసా? కనీస కూలి లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు

కనీస వేతనం పెంచమంటే యజమానులు భారమంటారు, కార్మిక సంఘాలు చాలదంటాయి. ఈ వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాల్లో కూలి చేసుకునేవాళ్లకు మాత్రం అంతకంటే ముందు ఒక ప్రశ్న ఉంది: ఆ రేటు మాకు వర్తిస్తుందా?

★ తొలి జాబితాలోనే అభ్రకం
కనీస వేతనాల బిల్లు 1946 ఏప్రిల్‌లో కేంద్ర శాసనసభ ముందుకొచ్చింది. అప్పుడు కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కర్. 1948లో చట్టమైంది. ఏయే పనులకు వర్తిస్తుందో చెప్పే తొలి జాబితాలోనే బియ్యం మిల్లులు, రాళ్లు కొట్టే పని, వ్యవసాయంతో పాటు అభ్రకం పనులూ ఉన్నాయి. గూడూరు, రాపూరు, ఆత్మకూరు వైపు సాగిన నెల్లూరు అభ్రకం పనుల కూలీలకు అలా చోటు దొరికింది. జాబితాకెక్కని పనికి మాత్రం రేటే ఉండేది కాదు.

★ నలుగురున్న ఇల్లు, ముగ్గురి తిండి
కనీస వేతనాన్ని ఎలా లెక్కకట్టాలో 1957లో 15వ భారత కార్మిక మహాసభ చెప్పింది. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు కలిసి ముగ్గురు పెద్దల కింద లెక్క. ఒక్కొక్కరికి రోజుకు 2,700 క్యాలరీల తిండి, ఇంటిల్లిపాదికీ ఏడాదికి 72 గజాల బట్ట. పిల్లల చదువుకు, వైద్యానికి మరో 25 శాతం కలపమని 1991లో సుప్రీంకోర్టు అంది. ఇంట్లో ఉన్న ముసలి తల్లిదండ్రులు ఈ లెక్కలోకి రారు.

★ కరువు పనీ పనే
రాజస్థాన్‌లో కరువు పనికి వెళ్లిన కూలీలకు అప్పటి కనీస కూలి ₹7 కూడా ముట్టలేదు. కరువు సాయమే కదా, తక్కువిచ్చినా ఫర్వాలేదన్నది ప్రభుత్వ వాదన. 1983లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీతో సమానమని తేల్చింది.

★ ఉపాధి పనికి వేరే రేటు
ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. కానీ కనీస వేతనాల చట్టంతో సంబంధం లేకుండా కూలి రేటు ప్రకటించే అధికారం 2005 నాటి ఉపాధి హామీ చట్టమే కేంద్రానికి ఇచ్చింది. 2009 జనవరిలో కేంద్రం ఇచ్చిన అలాంటి నోటిఫికేషన్‌ను అదే ఏడాది జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలిపివేసింది. వ్యవసాయ వృత్తిదారుల యూనియన్ వేసిన కేసది. మన రాష్ట్రంలో ఈ పనికి 2025-26 రేటు ₹307.

★ ఆ రేటూ కొలతను బట్టే
కందకం తవ్వాక టేపు పెట్టి పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. వచ్చిన మొత్తాన్ని గుంపులో అందరికీ పంచుతారు. రాతి నేలలో గడ్డపార దిగకపోతే, పొద్దున్నుంచి చెమటోడ్చినా చేతికొచ్చేది ప్రకటించిన రేటు కంటే తగ్గిపోవచ్చు.

★ గరిటెకో రేటు
ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చెక్కను కోసి, చెక్కి, ఆకురాయితో రుద్ది నునుపు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇలాంటి పనిలో కూలి లెక్కకట్టేది వస్తువును బట్టి, గంటను బట్టి కాదు. అయితే వస్తువు లెక్కన చేసే పనికీ కనీస రేటు పెట్టే వీలు 1948 చట్టమే కల్పించింది.

★ 'గౌరవ' వేతనం
అంగన్‌వాడీ కార్యకర్తలకు వచ్చేది గౌరవ వేతనం, అందుకే కనీస వేతనం వర్తించదంటారు. జీతం పెంచమని రాష్ట్రంలోని అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది.

★ కూలి పెరిగితే పనులు పోతాయా?
అమెరికాలోని న్యూజెర్సీలో 1992లో గంట కూలిని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచారు. పక్క రాష్ట్రంతో పోల్చి చూసిన ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్‌లకు ఫాస్ట్‌ఫుడ్ కొట్లలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అయితే వానను నమ్ముకున్న మెట్ట రైతుకు పంటకు ధర రాకపోతే కూలి నిజంగానే భారం. దానికి మందు పంటకు గిట్టుబాటు ధర ఇవ్వడమే, కూలి కోయడం కాదు.

★ కొత్త కోడ్‌లో ఏముంది?
2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ పాత జాబితాను తీసేసింది. తక్కువ ఇచ్చారని ఫిర్యాదు చేసే గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరిగింది. ఇది మంచి మార్పే. కానీ ఉపాధి హామీ చట్టం జోలికి వెళ్లనని ఆ కోడ్‌లోనే రాసుకున్నారు.

యజమాని తక్కువిస్తే తప్పు పట్టే ప్రభుత్వం, తాను పని చేయించుకునే చోట వేరే కొలమానం పెట్టుకోకూడదు. రేటు ఎంత పెంచాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఏ చెమటకూ మినహాయింపు లేదన్న నియమం ముందు కావాలి.