న్యూయార్క్ నగర జలపరీవాహక వ్యవసాయ కార్యక్రమం

న్యూయార్క్ నగర జలపరీవాహక వ్యవసాయ కార్యక్రమం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1992లో ప్రారంభమైన పథకం. నగరానికి తాగునీరు వచ్చే కొండప్రాంతాల రైతులు ఇష్టపూర్వకంగా నీటి సంరక్షణ పద్ధతులను చేపడతారు. అందుకు కావలసిన సాంకేతిక సలహాను, ఖర్చులో అధిక భాగాన్ని నగరం సమకూరుస్తుంది. నీటి నాణ్యతను కాపాడినందుకు భూయజమానులకు ప్రతిఫలం చెల్లించే పథకాలలో ఇది ప్రసిద్ధమైనది.

నేపథ్యం

న్యూయార్క్ నగర నీటి సరఫరా వ్యవస్థ సుమారు 90 లక్షల మందికి నీటిని అందిస్తున్నది. ఇందులో సుమారు 90 శాతం హడ్సన్ నదికి పశ్చిమాన ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుండి వస్తుంది. ఈ జలాశయాలలో కొన్ని నగరానికి 100 మైళ్లకు పైగా దూరంలో ఉన్నాయి. పరీవాహక ప్రాంతంలో అధిక భాగం ప్రైవేటు వ్యక్తుల భూమి. అక్కడి ముఖ్యమైన వ్యవసాయ వృత్తి పాడిపరిశ్రమ.

ఈ ప్రాంత ప్రజలకు నగరంపై పూర్వం నుండి అసంతృప్తి ఉండేది. 20వ శతాబ్దంలో జలాశయాల నిర్మాణం వలన పెపాక్టన్, క్యానన్స్‌విల్ మొదలైన గ్రామాలు నీట మునిగాయి. అనేక కుటుంబాలు భూములను, ఇళ్లను కోల్పోయాయి.

వివాదం - ఒప్పందం

1989లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఉపరితల జలాలను వడపోసిన తరువాతనే సరఫరా చేయాలని నిబంధన విధించినది. నీటి వనరులకు తగిన రక్షణ ఉన్నదని నిరూపించిన సంస్థలకు మాత్రమే మినహాయింపు లభిస్తుంది. క్యాట్‌స్కిల్, డెలావేర్ నీటికి వడపోత కేంద్రం నిర్మించాలంటే 600 నుండి 800 కోట్ల డాలర్లు అవసరమని అప్పట్లో అంచనా వేశారు.

1990లో నగరం పరీవాహక ప్రాంతంలోని భూవినియోగంపై కఠినమైన ముసాయిదా నిబంధనలను ప్రకటించినది. వాటిని అమలుచేస్తే పాడిపరిశ్రమ నిలవదని రైతులు తీవ్రంగా వ్యతిరేకించారు. పొలాలు మూతపడితే ఆ భూములు ఇళ్ల స్థలాలుగా మారి కాలుష్యం మరింత పెరిగే ప్రమాదం కూడా ఉన్నది. అప్పటి నగర పర్యావరణ పరిరక్షణ శాఖ కమిషనర్ ఆల్బర్ట్ యాపిల్టన్ రైతు ప్రతినిధులతో చర్చలు జరిపారు. చివరకు కార్యక్రమం స్వచ్ఛందంగా ఉండాలని, ఖర్చు నగరం భరించాలని, నిర్వహణ రైతుల ఆధ్వర్యంలో జరగాలని అంగీకారం కుదిరినది. అయిదేళ్లలో 85 శాతం రైతులను చేర్చే బాధ్యతను రైతు నాయకులు స్వీకరించారు. ఆ లక్ష్యం నెరవేరినది. నిర్వహణకై 1993లో జలపరీవాహక వ్యవసాయ మండలి ఏర్పడినది.

పద్ధతులు

పేడ, ఎరువులలోని భాస్వరం వాన నీటితో జలాశయాలలో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. నాచు కుళ్లినపుడు ఏర్పడే సేంద్రియ పదార్థం క్లోరిన్‌తో కలిసి హానికరమైన రసాయనాలను ఏర్పరుస్తుంది. లేగదూడల పేడ ద్వారా వ్యాపించే క్రిప్టోస్పోరీడియం అనే సూక్ష్మజీవిని క్లోరిన్ సులభంగా చంపలేదు. 1993లో మిల్వాకీ నగరంలో ఈ సూక్ష్మజీవి వలన సుమారు 4 లక్షల మంది అస్వస్థులయ్యారు.

ప్రతి పొలానికి విడిగా ప్రణాళిక తయారుచేస్తారు. రక్షణ మూడు అంచెలుగా ఉంటుంది.

* మొదటి అంచె: కాలుష్యం పుట్టే చోటనే అరికట్టడం. లేగదూడలకు పరిశుభ్రమైన వేరు కొట్టాలు, పేడ నిల్వకు గుంటలు నిర్మిస్తారు.
* రెండవ అంచె: పొలంలో కాలుష్యం కదలకుండా చూడడం. భూసార పరీక్షను అనుసరించి పేడను తగిన మోతాదులో, వాగులకు దూరంగా వేస్తారు.
* మూడవ అంచె: వాగుల రక్షణ. పశువులు వాగులో దిగకుండా కంచె వేసి, వాటికి తొట్లలో నీరు ఏర్పాటు చేస్తారు. గట్ల వెంబడి చెట్లు పెంచుతారు. 1998 నుండి సమాఖ్య వ్యవసాయ శాఖ సహకారంతో, ఇలా వదిలిన భూమికి 10 నుండి 15 సంవత్సరాల పాటు కౌలు చెల్లించే ఏర్పాటు జరిగినది.

ఫలితాలు, పరిమితులు

1997లో నగరం, రాష్ట్రం, స్థానిక సంస్థలు, సమాఖ్య పర్యావరణ సంస్థ మధ్య విస్తృతమైన ఒప్పందం కుదిరినది. వ్యవసాయంతో పాటు మురుగునీటి శుద్ధి, భూముల కొనుగోలు కూడా అందులో భాగాలు. క్యాట్‌స్కిల్, డెలావేర్ నీటికి వడపోత మినహాయింపు పలుమార్లు కొనసాగినది. 2017లో మరో 10 సంవత్సరాలకు మంజూరైనది. ఆ నీటిని క్లోరిన్‌తోను, అతినీలలోహిత కిరణాలతోను శుద్ధిచేస్తారు. హడ్సన్ నదికి తూర్పున జనావాసాలు దట్టంగా ఉన్న క్రోటన్ ప్రాంతపు నీటికి మాత్రం వడపోత తప్పలేదు. అందుకు నిర్మించిన కేంద్రం 2015లో పనిచేయడం ప్రారంభించినది.

క్యానన్స్‌విల్ జలాశయంలో భాస్వరం తగ్గినది. అయితే ఆ ఫలితం పూర్తిగా ఈ కార్యక్రమానిదే అని చెప్పలేము. మురుగునీటి శుద్ధి మెరుగుపడడం, గిట్టుబాటు లేక పాడిపశువుల సంఖ్య తగ్గడం కూడా కారణాలు. అంతేకాక కంచెలకు, పేడ గుంటలకు నిరంతరం మరమ్మతులు అవసరం. కనుక ఒకసారి నిర్మించి వదిలివేయడంతో ఈ బాధ్యత తీరదు. రైతు పొలంలో కొనసాగినంత కాలం నగరం సహాయం కూడా కొనసాగవలసి ఉంటుంది.