ఆక్యుపంక్చర్ చికిత్స

ఆక్యుపంక్చర్ చైనాలో పుట్టిన ఒక సంప్రదాయ చికిత్సా పద్ధతి. శరీరంపై నిర్దేశించిన బిందువుల వద్ద సన్నని సూదులను గుచ్చి బాధను తగ్గించడానికి ప్రయత్నించడం ఇందులోని ప్రధాన ప్రక్రియ. లాటిన్ భాషలో 'ఆకస్' అనగా సూది, 'పంక్చురా' అనగా గుచ్చడం. ఈ రెండు పదాల కలయికతో ఈ పేరు ఏర్పడింది. తెలుగులో దీనిని సూదుల వైద్యం అని కూడా అంటారు. నడుము నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ళ నొప్పులు, పార్శ్వపు నొప్పి వంటి దీర్ఘకాలిక బాధలు ఉన్నవారు ఎక్కువగా ఈ చికిత్సకు వెళుతుంటారు.

చరిత్ర

చైనా సంప్రదాయ వైద్యానికి మూలగ్రంథమైన 'హువాంగ్డీ నైజింగ్'లో సూదుల చికిత్స ప్రస్తావన ఉన్నది. ఈ గ్రంథం సుమారు క్రీ.పూ. 2-1 శతాబ్దాల నాటిదని భావిస్తారు. డచ్చి వైద్యుడు విల్లెమ్ టెన్ రైన్ 1683లో ప్రచురించిన గ్రంథం ఈ పద్ధతిని ఐరోపాకు పరిచయం చేసింది. 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు పనిచేసిన బిజయ్ కుమార్ బసు, 1950ల చివరలో ఈ విద్యను చైనాలో నేర్చుకొని కలకత్తాలో ప్రవేశపెట్టాడు. భారత ప్రభుత్వం 2019 ఫిబ్రవరిలో దీనిని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

సిద్ధాంతం

సంప్రదాయం ప్రకారం శరీరంలో 'చి' అనబడే ప్రాణశక్తి 14 ప్రధాన మార్గాలలో ప్రవహిస్తుంది. ఈ మార్గాలపై 361 బిందువులు ఉన్నాయి. ప్రవాహానికి కలిగిన ఆటంకమే రోగమనీ, సూది ఆ ఆటంకాన్ని తొలగిస్తుందనీ ఈ సిద్ధాంతం చెబుతుంది. శరీర నిర్మాణ శాస్త్రంలో ఇటువంటి మార్గాలకు ఆధారం లభించలేదు. సూది వలన నాడులు ప్రేరేపించబడి, నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు విడుదల అవుతాయని ఆధునిక పరిశోధకులు వివరిస్తారు.

మొదటి సందర్శన

మొదటిసారి సాధారణంగా గంట వరకు సమయం పడుతుంది. ఇందులో ఎక్కువ భాగం ప్రశ్నలకే సరిపోతుంది. నొప్పి గురించే కాక నిద్ర, ఆకలి, మలవిసర్జన, నెలసరి, మానసిక స్థితి గురించి కూడా చికిత్సకుడు అడుగుతాడు. నాలుక రంగును, దానిపై పూతను పరిశీలించి, రెండు మణికట్టుల వద్ద నాడి చూస్తాడు.

రోగి తాను వాడుతున్న మందులన్నిటినీ తెలపాలి. రక్తాన్ని పలుచన చేసే మందులు, రక్తస్రావ వ్యాధులు, గర్భం, పేస్‌మేకర్ ఉన్న సంగతి తప్పక చెప్పాలి. ఖాళీ కడుపుతో వెళితే కళ్ళు తిరిగే అవకాశం ఉన్నందున ముందుగా తేలికపాటి ఆహారం తీసుకోవడం మంచిది. మోకాలి వరకు, మోచేతి వరకు మడవగలిగే వదులైన దుస్తులు అనుకూలం.

సూదులు గుచ్చే విధానం

ఆక్యుపంక్చర్ సూది ఇంజెక్షన్ సూది వలె బోలుగా ఉండదు. దాని మందం చాలావరకు 0.20 నుండి 0.30 మిల్లీమీటర్లు ఉంటుంది. బిందువు స్థానాన్ని రోగి బొటనవ్రేలి వెడల్పును ప్రమాణంగా తీసుకొని కొలుస్తారు. ఉదాహరణకు, వాంతులు, వికారం తగ్గించడానికి వాడే 'నైగువాన్' బిందువు ముంజేతి లోపలి వైపు, మణికట్టు మడతకు రెండు బొటనవ్రేళ్ళ వెడల్పు దూరంలో ఉంటుంది. నొప్పి ఉన్న చోటనే సూదులు గుచ్చాలన్న నియమం లేదు. మెడ నొప్పికి చేతిపై, కాలిపై కూడా గుచ్చవచ్చు.

సూది దిగేటప్పుడు చీమ కుట్టినట్లు అనిపించవచ్చు. తరువాత కలిగే బరువు, తిమ్మిరి, లాగినట్లున్న భావనను చైనీయులు 'దె చి' అంటారు. తీవ్రమైన మంట గానీ, పోటు గానీ కలిగితే వెంటనే చెప్పాలి. సూదులను సాధారణంగా 20 నుండి 30 నిమిషాలు ఉంచుతారు. ఆ సమయంలో కదలకుండా పడుకోవాలి. కొందరు నిద్రపోతారు.

కొన్నిచోట్ల సూదులకు స్వల్ప విద్యుత్తును జోడిస్తారు. పేస్‌మేకర్ ఉన్నవారికి సాధారణంగా ఇది చేయరు. ఎండిన ఆకుల పొడిని కాల్చి బిందువులకు వేడి తగిలించే ప్రక్రియను మాక్సిబస్టన్ అంటారు. ఇందుకు వాడే మొక్క, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి ఒకే ప్రజాతికి చెందినవి.

ఎన్నిసార్లు వెళ్ళాలి

ఒక్కసారితో దీర్ఘకాలిక నొప్పి పోతుందని ఆశించరాదు. వారానికి ఒకటి, రెండు సార్ల చొప్పున 6 నుండి 12 సార్లు చేయడం పరిపాటి. అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్, 2020 నుండి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజులలో 12 సార్ల వరకు ఖర్చు భరిస్తున్నది. గుణం కనిపిస్తేనే మరో 8 సార్లకు అనుమతిస్తుంది. సొంత డబ్బు ఖర్చు చేసే రోగికి కూడా ఇటువంటి గడువు ముందుగానే నిర్ణయించుకోవడం మేలు.

ఫలితాలు

29 పరిశోధనలలోని సుమారు 18,000 మంది రోగుల వివరాలను కలిపి 2012లో ఒక విశ్లేషణ ప్రచురించబడింది. దీర్ఘకాలిక నొప్పులలో, చికిత్స తీసుకోనివారి కంటే తీసుకున్నవారికి చెప్పుకోదగిన ఉపశమనం లభించింది. నకిలీ చికిత్సతో పోల్చినప్పుడు మాత్రం తేడా స్వల్పమే. అందువలన వైద్య సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. నడుము నొప్పికి దీనిని ఇవ్వవద్దని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లో సూచించగా, అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో దీనిని ప్రయత్నించదగిన చికిత్సలలో చేర్చింది.

దుష్ఫలితాలు, జాగ్రత్తలు

సూది గుచ్చిన చోట కొద్దిగా రక్తం రావడం, చర్మం కమిలిపోవడం, మగత, కళ్ళు తిరగడం సాధారణంగా కనిపించే దుష్ఫలితాలు. ఛాతీపై లోతుగా గుచ్చినప్పుడు ఊపిరితిత్తికి గాయమవడం అరుదైనా ప్రమాదకరం. శుభ్రపరచని సూదుల వలన హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకవచ్చు.

* సీలు వేసిన పొట్లం నుండి కొత్త సూదులను తన ఎదుటనే తీయమని రోగి కోరవచ్చు.
* గుచ్చిన సూదులను, తీసిన సూదులను లెక్క చూడాలి.
* చికిత్స తరువాత కొంతసేపు కూర్చొని, మగత తగ్గిన తరువాతనే వాహనం నడపాలి.
* మధుమేహం, రక్తపోటు, మూర్ఛ మందులను వైద్యుని సలహా లేకుండా మానరాదు. మందులన్నీ ఆపివేయమని చెప్పే చికిత్సకుని వద్దకు వెళ్ళకపోవడమే మంచిది.
* ఛాతీ నొప్పి, కారణం తెలియని బరువు తగ్గుదల, కాళ్ళలో బలం లేకపోవడం వంటి లక్షణాలున్నప్పుడు ముందుగా రోగ నిర్ధారణ జరగాలి. నొప్పి తగ్గినంత మాత్రాన దాని కారణం పోయినట్లు కాదు.

ఇవి కూడా చూడండి

* ఆక్యుప్రెషర్
* ఆయుర్వేదం
* ద్వారకానాథ్ కోట్నీస్