కెన్యా వెళ్ళేవాళ్ళకు

కెన్యా ఆఫ్రికాలో ఒక దేశం. అక్కడ సింహాలను, ఏనుగులను చూడటానికి ఎంతోమంది వెళ్తారు. సింహం సంగతి సరే, దోమతో జాగ్రత్త!

అక్కడ ఒక రకం దోమ కుడితే ఎల్లో ఫీవర్ రావచ్చు. ప్రాణాలే పోవచ్చు. దీనికి టీకా ఉంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒక్కసారి చాలు, జన్మంతా పనిచేస్తుంది. పసుపురంగు కార్డు ఇస్తారు. దాన్ని పాస్‌పోర్టుతోపాటే దాచుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు.

మలేరియాకు ఈ టీకా పనికిరాదు. దోమతెర కట్టుకోవాలి. డాక్టరు చెప్పిన మాత్రలు మింగాలి. తిరిగొచ్చిన నెలకు జ్వరం వచ్చినా సరే, కెన్యా వెళ్ళొచ్చామని డాక్టరుకు ముందే చెప్పాలి.

బట్టలు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకుపోవద్దు. 2017 నుంచి అక్కడ వాటిని నిషేధించారు.